గుడి తీస్తే ఫిరంగి

నాకు ఇంగ్లీషు మీద కోపం లేదు. అందులో ఒక్క మాట మీదే కోపం. ఆ మాట ఆర్డ్‌నెన్స్. ఫిరంగులు, వాటి గుండ్లు, వాటిని లాగే బండ్లు, మొత్తంగా యుద్ధ సామగ్రి అని దాని అర్థం. చాలామందికి బతుకంతా ఈ మాటతో పని పడదు. నాకు ఒక్కసారి పడింది. ఆ ఒక్కసారి చాలు.

దీనికి తోబుట్టువు లాంటి మాట ఇంకొకటి ఉంది, ఆర్డినెన్స్. శాసనసభ నడవని రోజుల్లో గవర్నరు జారీ చేసే అత్యవసర శాసనం. ఇది అందరికీ తెలిసిందే, పేపర్లో వస్తుంది, టీవీలో వస్తుంది. ఇంగ్లీషులో ఈ రెండింటికీ తేడా ఒక్క ఐ అక్షరం. తెలుగులో ఆ తేడా ఇంకా చిన్నది. రెండింటిలోనూ ర కింద డ వత్తు వేలాడుతూ ఉంటుంది. ర నెత్తిన గుడి పెడితే చట్టం. గుడి తీసి పొల్లు పెడితే ఫిరంగి. చిన్నప్పుడు బడిలో ‘కకు గుడిస్తే కి’ అని గొంతు చించుకొని అరిచామే, ఆ గుడి. అక్షరం నెత్తిన గుండ్రంగా కూర్చునే గుర్తు. నాకు రావలసిన ఉద్యోగం ఆ గుడి దగ్గర పోయింది.

మాది పాలమూరు వైపు. మా నాయిన కట్టుబడి పనికి ఈ నగరానికి వచ్చినప్పుడు నేను బడికి పోయే పిల్లని. అమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. అశోక్ నగర్ వెనక బస్తీలో మాకొక కిరాయి గది. చుట్టూ ఉన్న హాస్టళ్ళలో చాలావాటికి నాయిన ఇటుకలు మోశాడు, స్లాబులకు కంకర ఎత్తాడు. ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో పిల్లలు వచ్చి ఆ హాస్టళ్ళలో ఉండి సర్కారు కొలువులకు చదువుతుంటే ఆయనకు నా మీద కూడా ఆశ పుట్టింది. "గోడలు లేపింది నేను. ఆ గోడల నడుమ చదివినోళ్లు ఆఫీసర్లు అయితున్నరు. మరి నా బిడ్డెందుకు గాదు?" అనేవాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి నాకెప్పుడూ మనసు రాలేదు.

డిగ్రీ అయ్యాక చిక్కడపల్లి లైబ్రరీయే నా ఇల్లయింది. లోపల చోటు దొరక్కపోతే బయట చెట్టు కింద, ఇంటి నుంచి మోసుకొచ్చిన ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్ళో అట్ట పెట్టుకొని చదివేదాన్ని. పరీక్షలు వాయిదా పడేవి, రద్దయ్యేవి, మళ్ళీ తేదీ వచ్చేది, మళ్ళీ వాయిదా. సిలబస్ మారేది, పుస్తకాలు మారేవి, నా కుర్చీ మాత్రం అక్కడే. పక్కన కూర్చునే పిల్లలు నాకంటే చిన్నవాళ్ళు అవుతూ వచ్చారు. పాలిటీ, అంటే రాజ్యాంగమూ పరిపాలనా, నాకు కంఠతా వచ్చు. ఏ అధికరణం అడిగినా తడుముకోకుండా చెప్పేదాన్ని. "పాలిటీల అక్క తోపు" అనేవాళ్ళు. తోపు అంటే ఇప్పటి పిల్లల మాటలో మొనగాడు, మొనగత్తె. ఆ మాట వినపడితే లోలోపల మురిసిపోయేదాన్ని, అబద్ధమెందుకు.

ఆ చివరి నోటిఫికేషన్ వచ్చేసరికి నా వయసు సరిగ్గా గీత మీద ఉంది. ఇది దాటితే ఏజ్ బార్. ఈసారి రాకపోతే సర్కారు కొలువన్న ముచ్చటే ఇక నాకు లేదు. మరోపక్క నాయిన కుడి భుజం పైకి లేవడం మానేసింది. సిమెంటు బస్తాలు ఎత్తలేక ఇసుక జల్లెడ పట్టే పనికి మారాడు. నాకు కొలువు రావాలి, ఆయన్ని పని మాన్పించాలి. నాకున్న కోరిక అదొక్కటే, పెద్ద పెద్ద ఆశయాలేమీ లేవు.

పరీక్ష నారాయణగూడలో ఒక కాలేజీలో పడింది. ప్రశ్నపత్రంలో ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు తెలుగు. తెలుగు మీడియం వాళ్ళం ఎడమవైపు చూడం. చూసే తీరికా ఉండదు, చూస్తే భయం కూడా వేస్తుంది. ఆ ప్రశ్న ఇదీ. ‘ఆర్డినెన్స్’ అనే పదం దేనిని సూచిస్తుంది? ఒకటి, అత్యవసర శాసనం. రెండు, ఫిరంగులు, మందుగుండు సామగ్రి. మూడు, భూముల కొలత. నాలుగు, పన్నుల వసూలు.

చదివి నవ్వుకున్నాను. ఇంత తేలిక ప్రశ్న ఎవరికోసం ఇచ్చారు అనుకున్నాను. ఫిరంగులేమిటి నడుమ, ఖాళీ నింపడానికి తోచింది పెట్టినట్టున్నారు అనుకున్నాను. ఒకటి దగ్గర గుండ్రాన్ని నల్లగా దిద్ది ముందుకు పోయాను. ఆ పేపర్లో నేను అంత ధీమాగా దిద్దిన గుండ్రం ఇంకొకటి లేదు.

బయటికి వచ్చాక ఫ్లైఓవర్ పక్కన టీ బండి దగ్గర చెల్లె కలిసింది. సొంత చెల్లె కాదు. లైబ్రరీలో నా పక్క కుర్చీ అమ్మాయి, ఇంజనీరింగ్ ఇంగ్లీషులో చదివింది. నన్ను అక్కా అంటుంది కాబట్టి నాకు చెల్లె.

"ఆర్డినెన్స్ గురించి కూడ అడిగిండ్రు జూసినవా? చిన్నపిల్లల ప్రశ్న" అన్నాను.

"అది ఆర్డినెన్స్ కాదక్కా, ఆర్డ్‌నెన్స్. నేను రెండు పెట్టిన."

"రెండంటే ఫిరంగులు కదనే?"

"అదేనక్కా. ఆర్డ్‌నెన్స్ అంటే ఫిరంగులే."

నేను టీ గ్లాసు బండి మీద పెట్టి సంచిలోంచి ప్రశ్నపత్రం తీశాను. ఎడమవైపు వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. ఐ లేదు. కుడివైపు చూశాను. గుడి ఉంది. మళ్ళీ ఎడమవైపు, మళ్ళీ కుడివైపు. ఇంగ్లీషులో ప్రశ్న రాసినవాళ్ళు అజాగ్రత్తగా చదివేవాళ్ళ కోసం ఒకటో జవాబును గొయ్యిలా తవ్విపెట్టారు. తెలుగులోకి మార్చినవాళ్ళు ఆ గోతి మీద ‘దారి ఇటు’ అని బోర్డు పెట్టారు.

"ఎక్కువ పరేషాన్ గాకక్కా, కీ వచ్చినంక అబ్జెక్షన్ పెట్టొచ్చు" అంది చెల్లె.

కీ వచ్చింది. అందులో ఆ ప్రశ్నకు జవాబు రెండు. మిగతావన్నీ సరిచూసుకుంటే నేను అంచుమీద వేలాడుతున్నాను. ఆ ఒక్క మార్కు ఉంటే లోపల, లేకపోతే బయట. లైబ్రరీలో లెక్కలు వేసేవాళ్ళు నా లెక్క చాలాసార్లు వేసి చూశారు, ఎవరు వేసినా అదే మాట.

కోచింగ్‌లో మాకు పాలిటీ చెప్పిన సారు దగ్గరికి పరుగెత్తాను. ఆయన నా పేపరు మొదటి పేజీ తిప్పి ఒక వాక్యం చూపించాడు. తెలుగు అనువాదంలో ఏదైనా తేడా ఉన్నచో ఇంగ్లీషు ప్రశ్ననే ప్రామాణికంగా తీసుకోవలెను. ఏళ్ళ తరబడి ప్రతి పరీక్షలో ఆ వాక్యం నా చేతికింద ఉంటూనే వచ్చింది. ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం తెలుగులో తప్పు లేకుండా రాశారు.

"అయినా పెట్టమ్మా, పోయేదేముంది" అన్నాడు సారు.

అభ్యంతరం ఆన్‌లైన్‌లో పెట్టాలి. కారణం మనం రాయడానికి లేదు, వాళ్ళు ఇచ్చిన వాటిలోంచి ఎంచుకోవాలి. కీలో జవాబు తప్పు. సరైన జవాబు లేదు. ఒకటి కంటే ఎక్కువ సరైన జవాబులున్నాయి. ఇంతే. అనువాదం తప్పు అనే గడి లేదు. అలాంటి తప్పు ఒకటి జరగవచ్చని కూడా ఎవరికీ తోచనట్టుంది. నాకు పనికొచ్చేది మూడోదొక్కటే. అది ఎంచుకుంటే రెండు జవాబులూ సరైనవేనని పుస్తకంతో సహా రుజువు చూపాలి. అంటే ఫిరంగీ చట్టమూ ఒకటేనని నేను నిరూపించాలి. నాకు నిజంగానే పిచ్చెక్కుతుందనిపించింది.

చెల్లెను తీసుకొని కోఠి పాత పుస్తకాల వరసకు పోయాను. ఎండలో పరిచిన పుస్తకాల గుట్టల మధ్య వంగి వంగి డిక్షనరీలు వెతికాం. పిల్లల డిక్షనరీలు, అట్టలూడినవి, సగం చెదలు తిన్నవి. చివరికి మాటల పుట్టుక చెప్పే లావుపాటి పాత డిక్షనరీ ఒకటి గుట్ట అడుగున దొరికింది. చెల్లె పేజీ తీసి చదువుతుంటే ముఖం మారింది.

"అక్కా, జర ఇటు చూడు. రెండు ఒకటే మాటనట."

నేను నమ్మలేదు. మళ్ళీ చదవమన్నాను. తెలుగులో చెప్పమన్నాను. ఒకప్పుడు ఇంగ్లీషులో ఉన్నది ఆర్డినెన్స్ ఒక్కటే. ఫ్రాన్సు నుంచి వచ్చిన మాట, అంతకు ముందు లాటిన్‌ది. మూలంలో దానికి అర్థం వరుస. వరుసలో పెట్టడం, సర్దడం, ఏర్పాటు చేయడం. రాజు చేసిన ఏర్పాటు రాజాజ్ఞ అయింది, అదే చట్టం. యుద్ధానికి చేసిన ఏర్పాటు, సామాను సర్దుకోవడం, అదీ ఆర్డినెన్సే. ఆ సామానులో అన్నిటికంటే బరువైనది ఫిరంగి కాబట్టి క్రమంగా పేరు దానికి అంటుకుంది. పలికే నోళ్ళలో నడుమనున్న ఐ అరిగిపోయింది. చాలాకాలం రెండు అర్థాలకూ రెండు రకాలుగానూ రాసుకున్నారు. ఆ తర్వాతే ఐ ఉన్నది చట్టానికీ ఐ లేనిది ఫిరంగికీ అని పంచుకున్నారు. ఇంట్లో అన్నదమ్ములు వేరుపడ్డట్టు.

ఆ లాటిన్ మాటను ఇంకా వెనక్కి తీసుకుపోయి, మగ్గం మీద వరుసగా పేర్చిన పోగుల దాకా చేరుస్తారట కొందరు. మా పాలమూరులో నారాయణపేట వైపు పడుగు పేర్చడం చిన్నప్పుడు చూశాను. ఆ పోగుల వరుస ఎక్కడ, ఫిరంగి ఎక్కడ. ఎంత దూరం నడిచొచ్చిందీ మాట, నా నెత్తిన పడడానికి.

కోఠి నుంచి బస్సెక్కకుండా నడుచుకుంటూ వచ్చాం. చాలా రోజుల తర్వాత నాకు ఆకలేసింది. హైదర్‌గూడ దగ్గర మిర్చి బజ్జీలు తింటూ గలగలా మాట్లాడాను. మన మాటలు మాత్రం తక్కువ తిన్నాయా అన్నాను. తోపు అంటే మామిడి తోపు, తోపు అంటే ఫిరంగి, తోపు అంటే మొనగాడు. ఈ నగరంలో తోపులు పోతపోసిన చోటును ఇప్పటికీ గన్‌ఫౌండ్రీ అంటున్నాం. అసలు ఫిరంగి అనేది ఆయుధం పేరే కాదు, సముద్రం దాటి వచ్చిన తెల్లవాళ్ళను తూర్పు దేశాల వాళ్ళు పిలిచిన పేరు. మనుషుల పేరు పోయి వాళ్ళు తెచ్చిన గొట్టానికి మిగిలింది. ఇన్ని మాటలు ఇన్ని వేషాలు మార్చగా లేనిది, ఒకే కడుపున పుట్టిన రెండు మాటల్ని ఒక్క ప్రశ్నలో ఒకటే అనుకుంటే వీళ్ళ సొమ్మేం పోయింది అన్నాను.

చెల్లె బజ్జీ చేతిలో పట్టుకొని అలాగే చూసింది. "నువ్వు చెప్పేది నిజమే అక్కా. కానీ వాళ్లు అడిగింది ఇప్పటి అర్థం కదా."

తెలుసు. ఆ సంగతి నాకు కోఠిలోనే తెలుసు. నీళ్ళలో కొట్టుకుపోయేవాళ్ళు చేతికి తగిలినది గట్టిదా మెత్తదా అని చూసుకోరు. మూడో కారణం ఎంచుకొని, రుజువు కోసం ఇచ్చిన గడిలో డిక్షనరీ పేజీ ఫొటో జతచేసి, దాని కింద ఈ రెండూ పుట్టుకలో ఒకే మాట గనుక రెండు జవాబులనూ అంగీకరించవలసిందిగా ప్రార్థన అని రాసి పంపించాను.

ఆ సాయంత్రం చెల్లెతో ఫోన్‌లో మాట్లాడుతూ ఏడుపు ఆపుకోలేకపోయాను. "గుడి వల్లనే పోయింది చెల్లె. ఆ గుడి లేకుంటే నా కొలువు నాకు వచ్చేది" అన్నాను. నాయిన గడపలో కూర్చొని వింటున్నాడని చూసుకోలేదు.

మర్నాడు ఆయన పనికి పోలేదు. పొద్దున్నే స్నానం చేసి ఎటో పోయి, మధ్యాహ్నానికి నుదుట బొట్టుతో, చేతిలో ప్రసాదంతో తిరిగొచ్చాడు. చిక్కడపల్లి గుడిలో చాలాసేపు వరసలో నిలబడ్డాడట. నా చేతిలో కొబ్బరి చిప్ప పెట్టి, "తప్పు ఏమన్న అయితే క్షమించమని మొక్కిన బిడ్డా. ఏ గుడి కాడ ఏం జరిగిందో చెప్తే ఆ గుడికి కూడ పోయొస్త" అన్నాడు.

నాకు పీకల దాకా కోపం వచ్చింది. ఎవరి మీదనో రావలసిన కోపమంతా ఆ ముసలాయన మీద వచ్చింది. "ఆ గుడి కాదు నాయినా, అక్షరం మీది గుడి" అని అరిచాను. ఆయనకు అర్థం కాలేదు. కాగితం తీసి ర రాసి, కింద డ వత్తు ఇచ్చి, నెత్తిన గుడి గీసి చూపించాను.

నాయిన బడికి పోయింది గుణింతాల దాకానే. ఆ కాగితం దూరంగా పట్టుకొని కళ్ళు చిట్లించి చూశాడు. ఆ తర్వాత నెమ్మదిగా, "కకు గుడిస్తే కి, గుడి దీర్ఘమిస్తే కీ" అని రాగం తీశాడు. "గీ గుడియా" అని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు.

"గింత దానికా బిడ్డా?"

"గింత దానికే."

"పెట్టినోళ్లు తీయరా మరి? గోడ వంకరొస్తే మేస్త్రీ కూలగొట్టి మళ్ల కట్టియ్యడా?"

"తీయరు నాయినా."

"మనం పోయి అడుగుదాం. అడిగితే ఏంది?"

వద్దన్నాను. వినలేదు. ఉతికిన చొక్కా వేసుకొని నా వెంట బయల్దేరాడు. పరీక్ష పెట్టినవాళ్ళ ఆఫీసు గేటు దగ్గర కాపలా మనిషి మమ్మల్ని ఆపాడు. ఆన్‌లైన్‌లో పెట్టింది ఆన్‌లైన్‌లోనే వస్తుంది, లోపలికి పంపేది లేదన్నాడు. నేను వెనక్కి తిరిగాను. నాయిన తిరగలేదు. రెండు చేతులూ జోడించడానికి కుడి చెయ్యి లేవక, ఎడమచేత్తో దాన్ని పట్టి లేపి దండం పెట్టాడు.

"ఒక్క గుడి సారూ. గది తీసేస్తే మా పిల్ల బతుకుతది."

కాపలా మనిషి ముఖం బిగుసుకుంది. "ఏ గుడి తీయాలె? పెద్దాయనా, గుడి గిడి అని ఈడ లొల్లి చేయకండి. పోలీసోళ్లు వస్తరు, పోండి."

నాయిన గుణింతం చెప్పబోయాడు. నేను చెయ్యి పట్టుకొని లాక్కొచ్చాను. రోడ్డు దాటే దాకా ఆయన వెనక్కి తిరిగి తిరిగి, "గా గుడి కాదు సారూ, గా గుడి కాదు" అంటూనే ఉన్నాడు. ఆ రోజు నేను పడ్డ సిగ్గూ దుఃఖమూ ఇప్పటికీ విడదీసి చెప్పలేను.

చివరి కీ వచ్చింది. అందులోనూ రెండే. నా అభ్యంతరానికి జవాబు ఏమీ లేదు, చదివారో లేదో కూడా తెలియదు. ఫలితాల్లో చెల్లె నంబరు ఉంది. నాది లేదు. చెల్లె ఫోన్ చేసి ఏడ్చింది, నేనే ఊరుకోబెట్టాను. కోర్టుకు పోదామన్నవాళ్ళు ఉన్నారు. ఒక్క ప్రశ్నకు, ఒక్క మనిషికి ఎవరు వస్తారు. ఇంగ్లీషు చదివినవాళ్ళకు ఆ ప్రశ్నతో పేచీ లేదు. తెలుగు చదివినవాళ్ళలో చాలామంది నాలాగా అంచు దాకా రానే లేదు.

ఆ తర్వాత కొంతకాలం లైబ్రరీ గేటు దాకా పోయి తిరిగొచ్చేదాన్ని. లోపలికి ఏ ముఖం పెట్టుకొని పోను. ఇంట్లో గోడకు తిరిగి పడుకునేదాన్ని. కళ్ళు మూసుకుంటే ర, దాని నెత్తిన గుడి. పాలిటీ రాకపోయి ఉంటే ఆ ప్రశ్న దగ్గర ఆగేదాన్ని, తటపటాయించేదాన్ని, ఎడమవైపు చూసేదాన్ని. వచ్చు గనుకే చూడలేదు. ఫిరంగి ఒకటి చేతికిచ్చి కాల్చమన్నా దాన్ని ఎవరి మీదికి తిప్పాలో నాకు తెలియదు. చచ్చిపోవాలనిపించిన రోజులున్నాయి. నాయిన పనికి పోతూ గడప దగ్గర ఆగి, నేను లేచి తలుపు పెట్టుకునే దాకా కదిలేవాడు కాదు. అందుకని లేచేదాన్ని.

గది కిరాయి ఆగదు కదా. చిక్కడపల్లి సందులో ఒక డీటీపీ షాపులో టైపింగ్ పనికి కుదిరాను. కోచింగ్ సెంటర్లకు మాదిరి ప్రశ్నపత్రాలు తయారుచేసే షాపు అది. ఇంగ్లీషు ప్రశ్న ఎడమవైపు, దాని పక్కన తెలుగు. చిన్న చిన్న అనువాదాలు నేనే చేసేదాన్ని. యజమాని మంచివాడు, అమ్మా అని తప్ప పిలవడు. ఎక్కడో ఒకచోట ఆ మాట మళ్ళీ ఎదురవుతుందని నాకు తెలుసు. మొన్న ఎదురయింది. దాదాపు అదే ప్రశ్న, అవే జవాబులు. ఎవరో పాత పేపర్లోంచి ఎత్తి రాశారు.

గుడి లేకుండా, పొల్లుతో, ఆర్డ్‌నెన్స్ అని కొట్టాను. ప్రూఫు ఆయన బల్ల మీద పెట్టాను. తిరిగొచ్చిన కాగితంలో పొల్లు కొట్టేసి, ఎర్ర పెన్నుతో చక్కగా గుండ్రంగా గుడి పెట్టి ఉంది.

"ఈడ గుడి మర్చిపోయినవమ్మా" అన్నాడు యజమాని.

మర్చిపోలేదని చెప్పాను. వరుస దగ్గర మొదలుపెట్టి ఫిరంగి దాకా చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు.

"నువ్వు చెప్పేది కరెక్టే ఉండొచ్చు. కానీ పేపర్లల్ల ఆయుధాల ఫ్యాక్టరీని గూడ అందరు ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ అనే రాస్తరు. పొల్లు పెడితే పిల్లలు మనదే అచ్చుతప్పంటరు. పోనీయమ్మా, ఇది మాదిరి పేపరే కదా."

అచ్చయిపోయింది. నాకు ఆ క్షణాన అర్థమయింది. నా ప్రశ్నపత్రం మీద గుడి పెట్టింది కూడా ఇలాంటి మంచివాడే అయ్యుంటాడు. నాలాంటి పిల్ల ఎవరో సరిగ్గానే కొట్టి ఉంటుంది, ఇలాంటి పెద్దమనిషి ఎవరో అచ్చుతప్పు అనుకొని దిద్ది ఉంటాడు. ఇన్నాళ్ళూ ఎవడో దుర్మార్గుడు ఉన్నాడనుకొని తిట్టుకుంటూ బతికాను. ఇప్పుడు తిట్టుకోవడానికి కూడా మనిషి లేడు.

సాయంత్రం యజమాని కట్టలు నాకు అప్పజెప్పి ఇంటికి పోయాడు. పొద్దున కోచింగ్ వాళ్ళు వచ్చి తీసుకుపోతారు. నేను ఒక కట్ట విప్పి, వైట్నర్ సీసా తీసి కూర్చున్నాను. గుడి మీద తెల్ల చుక్క పెట్టడం, ఆరాక నల్ల పెన్నుతో పొల్లు గీయడం. పొద్దున ఆయన ఏమన్నా అననీ, పని పోతే పోనీ అనుకున్నాను. పని ముగించుకొని నన్ను తీసుకుపోవడానికి వచ్చిన నాయిన, నేను చేస్తున్నది కాసేపు నిలబడి చూశాడు. చేతులకున్న ఇసుక బయట పంపు కింద కడుక్కొని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. కాగితం దూరంగా పట్టుకొని వేలు పెట్టాడు.

"గిదేనా ఆ గుడి?"

"అదే."

ఎడమచేత్తో మెల్లగా చుక్క పెట్టాడు. నేను పొల్లు గీశాను.

"ఇప్పుడేమయింది?"

"ఫిరంగి అయింది నాయినా."

"మరి నీ పరీక్ష కాయితంల?"

"అండ్ల గుడి అట్లనే ఉంది."

నాయిన ఇంకో కాగితం తీసుకొని గుడి ఎక్కడుందో వెతికి, దాని మీద చుక్క పెట్టి, తడి ఆరే దాకా నోటితో ఊది నా వైపు జరిపాడు.